చేతి కొలతకు పిడి

గాలపు కర్రను (ఫిషింగ్ రాడ్డును) దుకాణంలో కొనకుండా చేతులారా కట్టుకునేవాళ్లు అమెరికాలో చాలామంది ఉన్నారు. కంపెనీ నుంచి బోడి కర్ర ఒకటి తెచ్చుకుంటారు. దాన్ని బ్లాంక్ అంటారు. రీలును బిగించే సీటు, దారం దూరి వెళ్లే గైడు రింగులు విడిగా తెచ్చి, తీరిక దొరికినప్పుడల్లా గ్యారేజీలో కూర్చుని ఒక్కొక్కటే అమర్చుకుంటారు. బ్లాంకు ఎక్కడ వంగాలో, ఎంత వంగాలో ఫ్యాక్టరీలోనే తేలిపోయి ఉంటుంది. కట్టుకునే మనిషి ఇష్టం పూర్తిగా చెల్లేది పిడి దగ్గరే. దుకాణంలో దొరికే రాడ్డు పిడిని ఏదో ఒక సగటు చేతిని ఊహించుకుని చేస్తారు. కట్టుకున్న రాడ్డు పిడి మాత్రం ఒక మనిషి అరచేతికి, అతను పట్టబోయే చేపకు చేసినది. ఈ విద్య విలువంతా నాకు అక్కడే కనిపిస్తుంది.

చేప ఎరను ముట్టుకున్నప్పుడు పుట్టే అదురు చాలా చిన్నది. అది దారం వెంట, కర్ర వెంట వచ్చి పిడి దాటి వేళ్లకు అందాలి. పిడికీ కర్రకూ మధ్య ఎక్కడైనా సందు ఉంటే ఆ కబురు దారిలోనే ఆగిపోతుంది. ఇక లావు సంగతి. పిడి మరీ సన్నమైతే చెయ్యి తెలియకుండానే బిగుసుకుంటుంది, గంట తిరక్కముందే మణికట్టు పీకుతుంది. మరీ లావైతే వేళ్లు చుట్టూ తిరగవు, విసురు అదుపు తప్పుతుంది.

ఈ సంప్రదాయం వెదురుతో మొదలైంది. 19వ శతాబ్దం నడుమ పెన్సిల్వేనియాలోని ఈస్టన్ ఊళ్లో తుపాకులు చేసే శామ్యూల్ ఫిలిప్పీ, ఆ తర్వాత మెయిన్ రాష్ట్రంలోని బాంగోర్‌లో హైరమ్ లెనర్డ్ వెదురును బద్దలుగా చీల్చి, మూడు పలకలుగా చిత్రిక పట్టి, ఆ బద్దలను అతికించి రాడ్లు చేశారు. ఆ తొలినాళ్ల వెదురును వాళ్లు కలకత్తా కేన్ అనేవారు. అది మన దేశం నుంచి ఓడల్లో వెళ్లిన సరుకు. చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పెరిగే టోంకిన్ వెదురు తర్వాత దాని చోటు తీసుకుంది. అప్పటి పిడులు కొయ్యవి, లేదంటే బెత్తం చుట్టినవి. 19వ శతాబ్దం చివరికి కార్కు వచ్చింది. ఆ తర్వాత కర్ర ఎన్నో మార్పులు చూసింది. 1950లో చైనా సరుకుపై అమెరికా ఆంక్షలు పెట్టడంతో వెదురు రావడం ఆగి, ఫైబర్‌గ్లాస్ రాజ్యమేలింది. 1973లో ఫెన్విక్ కంపెనీ గ్రాఫైట్ రాడ్డును బజారులోకి తెచ్చింది. కర్ర ఇన్ని వేషాలు మార్చినా పిడి మీద కార్కు కదల్లేదు.

ఎందుకు కదల్లేదో దాని పుట్టుకలోనే ఉంది. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శిని కింద చూసి ‘సెల్’ అని పేరు పెట్టింది కార్కులోని గదులకే. ఆ గదుల నిండా గాలి. అందుకే బరువుండదు, చలిలో చెయ్యి పెట్టినా చల్లగా తగలదు, తడిసినా జారదు. ఓక్ జాతికి చెందిన ఒక చెట్టు బెరడు అది. ప్రపంచానికి అందే కార్కులో దాదాపు సగం పోర్చుగల్‌ది. చెట్టుకు పాతికేళ్లు వచ్చాకే మొదటిసారి బెరడు తీస్తారు. ఆ తర్వాత 9 ఏళ్లకోసారి, వేసవిలో, గొడ్డళ్లతో, లోపలి పొరకు గాయం కాకుండా ఒలుస్తారు. ఏ ఏడు ఒలిచారో గుర్తుగా ఆ ఏటి చివరి అంకెను మాను మీద తెల్ల రంగుతో రాస్తారు. మొదటి రెండు కోతల బెరడు గరుకుగా ఉంటుంది. మూడో కోత నుంచే మేలు రకం వస్తుంది. అంటే మంచి పిడిలోని కార్కు నలభై ఏళ్లు దాటిన చెట్టుది. ఇది తెలిశాక కార్కు పిడిని నిర్లక్ష్యంగా పట్టుకోబుద్ధి కాదు.

కార్కు బిళ్లలుగా దొరుకుతుంది. మామూలుగా అర అంగుళం మందం, అంగుళంపావు వ్యాసం, మధ్యలో రంధ్రం. 7 అంగుళాల పిడికి 14 బిళ్లలు. బెరడు గాలి పీల్చుకున్న సన్నని గుంటలు బిళ్లల మీద కనిపిస్తాయి. అవి ఎంత తక్కువైతే ధర అంత ఎక్కువ. చవక పిడుల్లో ఆ గుంటలను కార్కు పొడి, జిగురు కలిపిన ముద్దతో పూడ్చేస్తారు. కొత్తలో నున్నగా మెరుస్తుంది, వాడకంలో ముద్ద రాలి గుంటలు బయటపడతాయి. విడి బిళ్లలు కొనుక్కుని ఒక్కొక్కటీ తిప్పి చూసి ఏరుకోవడంలో లాభం ఇదే. అరచెయ్యి, బొటనవేలు ఆనే చోట్లకు మేలైనవి పెట్టాలి. దెబ్బలు తగిలే రెండు కొసలకు కార్కు తునకలను అదిమి చేసిన గట్టి బిళ్లలు పెట్టాలి.

బిళ్లలకు నీటికి కరగని జిగురు రాసి, పొడుగాటి మరలున్న ఇనుప కడ్డీకి గుచ్చి, రెండు వైపులా నట్టు బిగించి రాత్రంతా వదిలేస్తారు. తర్వాత లేత్ మీద తిప్పుతూ ఉప్పు కాగితంతో ఆకారం తెస్తారు. మొదట గరుకు కాగితం, చివరికి బాగా నునుపుది. కష్టమైన పని లోపలి రంధ్రానిది. కర్ర పోనుపోను సన్నబడుతుంది కాబట్టి రంధ్రం కూడా అదే వాలుతో ఉండాలి. అనుభవజ్ఞులు విరిగిన పాత కర్ర ముక్కకు గరుకు కాగితం మెలికగా అతికించి, దాంతో కొంచెం కొంచెంగా రాస్తారు. పిడిని కర్ర సన్న కొస నుంచి ఎక్కించి కిందికి జార్చి, అది ఎక్కడ ఆగిందో చూసి, తీసి, మళ్లీ రాస్తారు. తొందరపడి ఇరికిస్తే కార్కు పగులుతుంది. ఎక్కువ రాసేస్తే జిగురే దిక్కవుతుంది, సందులోకి నీళ్లు దిగుతాయి. ఓపిక ఖర్చు చేయాల్సింది ఇక్కడే.

ఈగను పోలిన తేలికైన ఎరను విసిరే ఫ్లై రాడ్ల పిడి ఆకారాలకు మనుషుల పేర్లున్నాయి. 1885లో ఫ్లై రాడ్ల మీద పుస్తకం రాసిన హెన్రీ వెల్స్ పేరు ఒకదానికి, పారిస్ హోటళ్ల కుటుంబానికి చెందిన చార్లెస్ రిట్జ్ పేరు మరొకదానికి. ఫుల్ వెల్స్ రెండు కొసలా ఉబ్బుతుంది. ముందరి ఉబ్బు బొటనవేలు ఆనించి నెట్టడానికి, బరువైన దారం విసిరేవాళ్లకు అది కావాలి. చిన్న వాగుల్లో ట్రౌట్ చేపల కోసం తేలిక రాడ్డు పట్టేవాళ్లకు రెండు కొసలా సన్నబడే సిగార్ ఆకారం చాలు. తేలిక కర్రకు ఫుల్ వెల్స్ తగిలించడం కేవలం అలంకారం.

బాస్ చేపల రాడ్లలో పిడిని రెండు ముక్కలుగా చేసి మధ్యలో కర్రను బోడిగా వదిలే పద్ధతి ఉంది. దానివల్ల కొంత బరువు తగ్గుతుంది. వెనక పిడి పొడుగు మోచేతిని బట్టి ఉండాలి. పొడుగైతే విసిరేటప్పుడు చొక్కాకు తగులుకుంటుంది, పొట్టిదైతే రెండో చేతికి చోటు దొరకదు. టెన్నెసీ పిడి అని ఇంకొకటి ఉంది. దానికి రీలు సీటే ఉండదు, రీలును తమకు నచ్చిన చోట టేపుతో కట్టేసుకుంటారు. సముద్రానికి వెళ్లేవాళ్లు పిడికి ఈవీఏ అనే ప్లాస్టిక్ ఫోమ్ వాడతారు. నెత్తురు, జిగట, ఉప్పునీరు ఏది అంటినా కడిగితే పోతుంది. ఒడ్డు నుంచి విసిరే పొడుగు రాడ్లకు తాడు చుట్టి, దాని మీద వేడికి ముడుచుకునే గొట్టం ఎక్కిస్తారు. పడవ మీద పెద్ద చేపతో పెనుగులాటకు ఫోమే సరైనదని ఒప్పుకుంటాను. చిన్న చేప ముట్టుకోవడాన్ని వేలితో పసిగట్టాలంటే మాత్రం నా ఓటు మంచి కార్కుకే. మురికి పట్టినా సబ్బునీళ్లతో రుద్దితే మళ్లీ తేటపడుతుంది.

అమెరికాలో స్థిరపడి చెరువు గట్టుకు వెళ్లడం అలవాటు చేసుకున్న తెలుగువాళ్లు సొంత రాడ్డు కట్టుకోవాలనుకుంటే ఒక్క మాట. లేత్ లేదని ఆగకండి, కరెంటు డ్రిల్లుకు కడ్డీ బిగించి తిప్పుకున్నా పని జరుగుతుంది. ముక్కుకు మాస్కు మాత్రం కట్టుకోండి, కార్కు దుమ్ము మంచిది కాదు. అంతకన్నా ముందు ఏదైనా గుండ్రని కర్రకు టేపు చుట్టుకుంటూ పిడికిలి పట్టి చూడండి. నడిమి వేలి కొస బొటనవేలి మొదలును ఇంచుమించు తాకే చోట ఆపి, ఆ లావు కొలిచి రాసుకోండి. బిళ్లలు ఆ తర్వాతే కొనండి.