రెండో పాదం దగ్గర ఆగాలి

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మన సంఘాల్లో చాలామంది వాగ్దాన కార్డు తీసుకుంటారు. అందులోని వాక్యం ఏడాదంతా గోడ మీద ఉంటుంది. సామెతల గ్రంథాన్ని కూడా అలాగే చదవడం మనకు అలవాటైపోయింది. బిడ్డను చిన్నప్పుడే మంచి దారిలో పెడితే పెద్దయ్యాక దారి తప్పడన్న మాటనే తీసుకోండి. కొడుకు చెడు తిరుగుళ్లు పట్టిన తల్లి ఆ మాట తలుచుకుని తన పెంపకాన్నే నిందించుకుంటుంది. ఆమెకు ఆ శిక్ష అక్కర్లేదు. సామెత వాగ్దానం కాదు. లోకం తీరును తరాల తరబడి గమనించినవాళ్ల మాట అది. చాలాసార్లు నిజమవుతుంది, ప్రతిసారీ కాదు.

ఈ గ్రంథం ఒక్కరి చేతి మీద పుట్టింది కాదు. సొలొమోను పేరే ముందుంటుంది గానీ, 25వ అధ్యాయం నుంచి ఉన్నవాటిని హిజ్కియా రాజు మనుషులు ఎత్తి రాశారని అక్కడే ఉంది. 30వది ఆగూరు మాటలు. 31వది లెమూయేలు రాజుకు తల్లి చేసిన బోధతో మొదలవుతుంది. 22వ అధ్యాయం నడుమ నుంచి వచ్చే మాటలకు ఈజిప్టులోని ఆమెనెమోపే ఉపదేశంతో దగ్గరి పోలికలున్నాయని 1924లో అడాల్ఫ్ ఎర్మన్ అనే జర్మన్ పండితుడు చూపించాడు. పొరుగువాళ్ల తెలివిని కూడా కాదనుకోలేదంటే, నాకు ఈ గ్రంథం మీద గౌరవం పెరుగుతుందే గాని తగ్గదు.

10వ అధ్యాయం నుంచి ఎక్కువగా రెండేసి పాదాలే. రెండోది మొదటిదాన్ని బలపరుస్తుంది, లేదా ఎదిరిస్తుంది, లేదా కొంచెం ముందుకు నడిపిస్తుంది. చదివేవాడి పనంతా ఆ రెంటి మధ్యే. 26వ అధ్యాయంలో పక్కపక్కనే రెండు మాటలున్నాయి: మూర్ఖుడి తరహాలో వాడికి బదులివ్వొద్దని ఒకటి, ఇవ్వమని ఇంకొకటి. పొరపాటున చేర్చినవి కావు. ఇంట్లో తగవు పడిన రోజున ఈ రెండూ ఎదురుగా పెట్టుకుంటే, ఎదుటివాడెవరు, పక్కన వింటున్నదెవరు, ఇప్పుడు నోరు విప్పితే మేలా కీడా అని మనమే ఆలోచించుకోవాల్సి వస్తుంది. తెల్లవారకముందే లేచి, పెద్ద గొంతుతో స్నేహితుణ్ణి దీవిస్తే అది శాపంతో సమానమని 27వ అధ్యాయం అంటుంది. మంచిమాటకు కూడా వేళ ఉంటుంది.

డబ్బు విషయంలో ఈ గ్రంథం చాలా కచ్చితంగా ఉంటుంది. ఇంకొకరి అప్పుకు హామీ ఉన్నావా, నిద్ర మానుకుని వెళ్లు, కాళ్లావేళ్లా పడి బయటపడు అంటుంది. కట్టలేకపోతే నీ కింది పరుపు కూడా లాక్కుపోతారని హెచ్చరిస్తుంది. చిట్టీ పాడుకున్న బంధువుకు మొహమాటంతో జామీను సంతకం పెట్టి, జీతంలోంచి వాయిదాలు కట్టుకుంటున్నవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. అదే గ్రంథం బీదవాడికి ఇచ్చింది దేవుడికిచ్చిన అప్పని కూడా అంటుంది. రెంటినీ కలిపి చదివితే దారి తెలుస్తుంది: చేతిలో ఉన్నది మనసారా ఇవ్వు, లేనిదానికి సంతకం పెట్టకు.

నాకు బాగా ఇష్టమైనది 27వ అధ్యాయం చివర మందల గురించి చెప్పిన భాగం. నీ గొర్రెలు ఎలా ఉన్నాయో నువ్వే చూసుకో, సంపద ఎల్లకాలం ఉండదు అంటుంది. ఆ తర్వాత గడ్డి కోతకొస్తుంది, గొర్రెపిల్లలు బట్టకు పనికొస్తాయి, మేకలు పొలం కొనడానికి, వాటి పాలు ఇంటిల్లిపాదికీ, పనికత్తెలకూ. గృహనిర్వాహకత్వం మీద ప్రసంగాలు ఎక్కువగా దశమభాగం దగ్గరే ఆగిపోతాయి. కోత పండుగనాడు తొలిపంట గుడికి తేవడం గొప్ప సంగతే. పనికత్తెల కడుపు దాకా లెక్క చూసుకోవడం కూడా అందులో భాగమే.

వేళ చూడకుండా సామెత వాడితే ఏమవుతుందో యోబు గ్రంథంలో ఉంది. అతని స్నేహితుల మాటల్లో చాలావాటిని సామెతల్లో కలిపేసినా తేడా తెలియదు: దుష్టుడు నిలవడు, నీతిమంతుడు నశించడు. పిల్లల్నీ, ఆస్తినీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్నవాడికి వాళ్లు అవే చెప్పారు. దేవునికి కోపం రగిలింది వాళ్ల మీద. వాళ్ల కోసం ప్రార్థించాల్సింది యోబే.