తండ్రెవరో తెలియని టెంక

బంగినపల్లి పండు తిని టెంకను పెరట్లో పాతితే మొక్క మొలుస్తుంది, ఏళ్లు గడిచాక కాపుకూ వస్తుంది. కానీ ఆ కాయ బంగినపల్లే అవుతుందన్న పూచీ లేదు. పీచెక్కువ కావచ్చు, పులుపు మిగలవచ్చు, ఎప్పుడో ఒకటి తల్లిని మించిపోనూ వచ్చు.

కిటుకు పూతలో ఉంది. ఒక్కో పూగుత్తికి వందలు, వేల పూలు. వాటిలో కొన్ని మగవి, కొన్ని ఆడా మగా కలిసినవి. పుప్పొడిని ఎక్కువగా మోసేది తేనెటీగలు కాదు, మనం విసుక్కుని తోలేసే ఈగలు. అవి పక్క తోటలోని తోతాపురి మీద వాలి వస్తే జీడిలో ఆ రక్తం కలుస్తుంది. కండ మాత్రం పూర్తిగా తల్లి చెట్టుదే. అందుకే తండ్రెవరైనా ఆ ఏటి పండు రుచి మారదు. మార్పంతా టెంకలో దాక్కుని తరువాతి తరానికి పోతుంది.

అంటు కట్టడం ఈ జూదాన్ని తప్పించే విద్య. పాతకాలపు పద్ధతిలో కుండీలో పెంచిన నాటు మొక్కను తల్లి చెట్టు దగ్గరికే మోసుకెళ్లి, రెండింటి బెరడూ కొద్దిగా చెక్కి, ఆ గాయాలను ఆనించి కట్టేవారు. కొమ్మ తల్లి నుంచి ఆహారం తీసుకుంటూనే అతుక్కుంటుంది కాబట్టి చచ్చే భయం తక్కువ. అతికాక కొమ్మను ఒక్కసారిగా కాక విడతలుగా కోస్తారు. పని గట్టిదే గానీ నెలల తరబడి పట్టేది, పైగా చెట్టు చుట్టూ కుండీలకు నీళ్లు మోయాలి.

ఇప్పుడు కడియం లాంటి నర్సరీ ఊళ్లలో లేతకొమ్మ అంటుదే రాజ్యం. ఎంచుకున్న కొమ్మ చివర ఆకులను వారం, పది రోజుల ముందే తుంచేస్తారు, తొడిమలు మాత్రం ఉంచుతారు. మొగ్గ ఉబ్బి, విచ్చుకోబోయే వేళ దాన్ని కోసి కిందివైపు ఉలిమొనలా చెక్కుతారు. నాటు మొక్క తల నరికి, మధ్యలో చీల్చి, ఈ పుల్లను దింపి, పాలిథిన్ పట్టీతో బిగిస్తారు. పుల్ల, మొక్క ఒకే లావుండాలి. లేకపోతే కనీసం ఒక పక్కనైనా బెరడు కింది పచ్చని పొరలు కలవాలి, ఎందుకంటే కణాలు విభజించుకుని గాయాన్ని పూడ్చేది అక్కడే. కత్తి మొద్దుబారితే కోత నలుగుతుంది, నలిగిన చోట అతుకు పడదు. చేయి తిరిగిన పనివాళ్లు కోసిన ముఖాన్ని వేలితో కూడా తాకరు.

అంటు మొక్క నాలుగైదేళ్లకే కాపునిస్తుంది. చాలామంది అదే గొప్ప అనుకుంటారు. నా లెక్కలో అసలు గొప్ప మరొకటి: ఏనాడో ఎవరి పెరట్లోనో యాదృచ్ఛికంగా పుట్టిన ఒక్క చెట్టు అంటుల రూపంలో ఇంకా బతికే ఉంది. ఈనాటి బంగినపల్లి తోటలన్నీ, వయసులు వేరైనా, ఆ చెట్టు ఒంటి ముక్కలే.

అయితే పడమటి తీరపు ఒలూర్, చంద్రకరన్ లాంటి రకాలకు కత్తితో పనే లేదు. వాటి ఒక్కో టెంక నుంచి రెండు మూడు మొలకలు వస్తాయి. వాటిలో చాలావరకు పుప్పొడితో నిమిత్తం లేకుండా తల్లి కణజాలం నుంచే పుట్టి తల్లినే పోలి ఉంటాయి.

ఇక అంటు చేయలేనిది ఒకటుంది, కొత్త రుచిని పుట్టించడం. దానికి పుప్పొడే కావాలి. మన నీలం ఏటేటా కాస్తుంది. ఉత్తరాది దశేరి రుచి గొప్పది, కాపు మాత్రం ఏడాది విడిచి ఏడాది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ ఆ రెంటినీ కలిపింది. నీలం తల్లి అయితే మల్లిక, దశేరి తల్లి అయితే ఆమ్రపాలి. ఆ కొత్త రకాలూ రైతు చేతికి చేరింది మళ్లీ అంటుగానే.

ఇళ్ల స్థలాల కోసం కొట్టేస్తున్న పాత పెరటి చెట్లలో పేరులేని రకాలు ఎన్నో. ఆవకాయకు ఫలానా వారి చెట్టు కాయే కావాలని ఊళ్లో పట్టుబట్టేది వాటి కోసమే. కొట్టే ముందు పుల్లలు కోసి తడిగుడ్డలో చుట్టి నర్సరీకి పంపితే రెండు మూడు రోజులు ఆగుతాయి. వానాకాలమైతే గాలిలో తేమ ఉంటుంది, అతుకు త్వరగా పడుతుంది.