కుంగ్‌ఫూ చిత్రములలో వీరహాస్యముల పొత్తు

లోకమున గొన్ని వినోదములు పండితులచే నిరసింపబడియు జనులచే విడువబడక నిలుచును. హాంకాంగు నగరమున అల్పవ్యయముతో నిర్మింపబడి, తెలుగుమాటలను దొడిగికొని యాంధ్రదేశమునకు వచ్చిన కుంగ్‌ఫూ హాస్యచిత్రము లట్టివి. వానిలో కథ స్వల్పము. ఇండ్లు అట్టతో గట్టినట్లు తోచును. పెదవుల కదలిక యొకవిధము, మాట యొకవిధము. దెబ్బ తగులకమునుపే చప్పుడు వినబడును. ఇన్ని లోపములు కనబడుచుండగా బ్రేక్షకుడు లేచిపోక, నవ్వుచు, కడవఱకు గూర్చుండుటకు హేతువేమి? ఆ నవ్వు చిత్రమును బరిహసించు నవ్వా, లేక చిత్రముతో గలసి నవ్వు నవ్వా? ఈ సంశయమును దీర్చుటకు వలసిన సామగ్రి యంతయు నలంకారశాస్త్రమున గలదు. శాస్త్రము కావ్యనాటకములకే పరిమితమని పలికి యీ చిత్రములను ద్రోసిపుచ్చువారు శాస్త్రమును గౌరవించుట లేదు. దాని యధికారమును గుదించుచున్నారు.

ముందుగా బూర్వపక్షము. భరతుడు వికృతమైన యాకారమును, వేషమును, చేష్టను హాస్యమునకు విభావములుగా జెప్పి, నవ్వును స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని యాఱువిధములుగా విభజించెను. మొదటి రెండును ఉత్తమప్రకృతులకును, నడిమి రెండును మధ్యములకును, కడపటి రెండును అధములకును జెందును. వీరరసమున కాశ్రయము ఉత్తమప్రకృతి. కావున, పోరాడు వీరుడు కాలుజాఱి పడి, నడుము తడవుకొనుచు లేచి, చూచువారికి గన్నీళ్లు వచ్చునట్లు నవ్వించుట అనౌచిత్యమనియు, ఇది వీరరసము గాక వీరాభాసమనియు గొంద ఱందురు. అనౌచిత్యముచే నే రసమున కాభాసత్వము గలిగినను అది హాస్యమునకు విభావము కాగలదని అభినవగుప్తుడు వివరించియున్నాడు. ఆ మాటను బట్టుకొని, ఈ చిత్రముల నవ్వు వాని దోషమునకే సాక్ష్యము గాని గుణమునకు గాదని వారు నిర్ణయింతురు.

ఈ వాదము కొంతవఱకు నిజము. పూర్తిగా నిజము గాదు. రసముల పరస్పరవిరోధమును జెప్పుచోట సాహిత్యదర్పణకారుడగు విశ్వనాథుడు హాస్యమునకు భయానకకరుణములును, వీరమునకు భయానకశాంతములును విరోధులని చెప్పెను. హాస్యవీరములు ఒండొంటికి శత్రువులని యచ్చట జెప్పలేదు. పైగా రెంటికిని భయానకము ఉమ్మడిశత్రువు. ఇదిగాక, రౌద్రమునకు విరోధులైనవానిలో హాస్యము నాతడు చేర్చెను. ఈ రెండంశములను గుర్తుంచుకొన్నచో కుంగ్‌ఫూ చిత్రముల చరిత్రయందలి యొక మలుపు స్పష్టమగును.

1972లో వెలువడిన బ్రూస్ లీ చిత్రము 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ'కి స్థాయిభావము క్రోధము. గురువును జంపినవారిపై శిష్యుడు పగ దీర్చుకొని, తుదకు దుపాకుల కెదురుగా నెగయును. అందు నవ్వునకు జోటు మిక్కిలి తక్కువ. 1973లో బ్రూస్ లీ మరణించిన పిమ్మట ననేకు లాతని కోపమును, కేకలను అనుకరించిరి. ఆతని తేజస్సు వారికి రాలేదు. 1975లో లౌ కార్-ల్యూంగ్ దర్శకత్వమున వచ్చిన 'స్పిరిచువల్ బాక్సర్', దేవత తన్ను ఆవహించినట్లు నటించి పొట్టపోసికొను నొక మోసగానిని నాయకునిగా జేసినది. 1978లో యుయెన్ వూ-పింగ్ దర్శకత్వమున, జాకీ చాన్ నాయకుడుగా, 'స్నేక్ ఇన్ ది ఈగిల్స్ షాడో', 'డ్రంకెన్ మాస్టర్' అను రెండు చిత్రములు వచ్చినవి. వానితో స్థాయి మాఱినది. క్రోధము వెనుకకు బోయి యుత్సాహము ముందునకు వచ్చినది. రౌద్రము వెడలినచోటనే హాస్యము ప్రవేశించినది. ఇది రసహాని గాదు, విరోధిపరిహారము.

'డ్రంకెన్ మాస్టర్' నాయకుడగు వాంగ్ ఫే-హుంగ్ కల్పితుడు గాడు. పందొమ్మిదవ శతాబ్ది నడిమినుండి యిరువదవ శతాబ్ది యారంభమువఱకు జీవించిన వైద్యుడు, యుద్ధవిద్యాగురువు. 1949 మొదలుకొని క్వాన్ తక్-హింగ్ అను నటుడు ఈ పాత్రను బెక్కుచిత్రములలో ధీరోదాత్తునిగా నభినయించెను. అట్టివానిని 1978 చిత్రము అల్లరిపిల్లవానిగా జూపినది. తండ్రి విసిగి, బిచ్చగాడు సో అని పేరుబడిన త్రాగుబోతు గురువునకు వాని నప్పగించును. ఆ గురువు శిష్యుని దలక్రిందులుగా వ్రేలాడదీసి, క్రింది తొట్టిలోని నీటిని జిన్న గిన్నెలతో దోడి పైతొట్టిలో బోయించును. లఘుకౌముదిని వల్లించిన విద్యార్థికి ఆ శిష్యుని మొగము చూడగానే జాలియు నవ్వును గూడ గలుగును.

పిదప నాతడు నేర్చునది, ఎనమండుగురు చీనా సిద్ధుల పేర బరగు త్రాగుబోతు పోరు. కాళ్లు తడబడును, నడుము వాలును, చేయి మధుపాత్ర బట్టినట్లు వంగును. చూచువానికి మత్తుడు కనబడును. ఎదిరికి మాత్రము దెబ్బ తగులును. ఆ తడబాటున బ్రతి యడుగును లెక్కపెట్టి వేసినదే. ఏడవ శతాబ్దిలో బల్లవరాజగు మహేంద్రవర్మ మత్తవిలాసప్రహసనమున మత్తుల బుద్ధివైకల్యమును హాస్యమునకు మూలముగా జేసెను. ఇచ్చట మూలము వైకల్యము గాదు. వైకల్యరూపమును దాల్చిన నైపుణ్యము. పూర్వపక్షి గమనింపనిది ఈ భేదమే. వికృతచేష్ట విభావమన్నంతమాత్రమున, దానిని జేయువానియందు వికృతి యుండితీరవలెనను నియమము లేదు.

ఈ నైపుణ్యము అకస్మాత్తుగా వచ్చినది గాదు. జాకీ చాన్ బాల్యమున బదిసంవత్సరములు హాంకాంగులో యు జిమ్-యుయెన్ నడపిన పెకింగు నాటకపాఠశాలయం దభ్యసించెను. ఆ నాటకసంప్రదాయమున ముక్కుపై దెల్లరంగు పూసికొను హాస్యగాడు కలడు. వారిలో బోరును, దొమ్మరిగంతులను నేర్చినవాడు ప్రత్యేకభేదము. తోలుబొమ్మలాటలోని కేతిగానికి గత్తిసాము గూడ నేర్పినచో నట్టివాడగును. కుంగ్‌ఫూ అను పదమునకు మొదటి యర్థము పోరు గాదు. శ్రమచేతను, గాలముచేతను సంపాదించిన నేర్పు.

ఇక నల్పవ్యయము మాట. ధనము లేని నిర్మాత సేనలను, గుఱ్ఱములను, గోటలను జూపలేడు. చేతికందినది బల్ల, విసనకఱ్ఱ, భోజనపు పుల్ల. 'ఫియర్‌లెస్ హైనా' (1979)లో భోజనపు పుల్లలును, 'యంగ్ మాస్టర్' (1980)లో విసనకఱ్ఱయు నాయుధములైనవి. దీనికి వ్యాకరణమున దగిన యుపమానము కలదు. ఒక శబ్దరూపము స్థానమున వేఱొకటి యాదేశముగా వచ్చినపుడు, ఆ యాదేశము స్థానికి జెందిన కార్యములను బొందును. స్థానియొక్క వర్ణమును ఆశ్రయించిన విధులను మాత్రము పొందదు. దీనినే పాణినీయులు స్థానివద్భావమందురు. కత్తికి మాఱుగా వచ్చిన విసనకఱ్ఱ కత్తి చేయు పని యంతయు జేయును: అడ్డగించును, పొడుచును, ఎదిరి చేతి పట్టును విడిపించును. ఐనను దాని రూపము విసనకఱ్ఱయే. నాయకుడు నడుమ నొకమాఱు దానితో విసరుకొన్నను దప్పులేదు. కార్యమున గత్తి, రూపమున విసనకఱ్ఱ యగుటచే నేర్పడిన యెడమునందే హాస్యమున్నది. కార్యము సిద్ధింపకున్న నది వట్టి యపహాసమగును. రూపము మఱుగుపడినచో వట్టి వీరమగును. అర్ధమాత్ర తగ్గినను సంతసించు వైయాకరణులు ఇట్టి లాఘవమును దోషముగా నెంచుట తగదు.

తెలుగుచిత్రములయందును ఇట్టి యాదేశములు లేకపోలేదు. 'డ్రంకెన్ మాస్టర్' వచ్చిన 1978లోనే బి. విఠలాచార్యుని 'జగన్మోహిని' వెలువడినది. మితవ్యయమునకు బేరువడిన యాయన చిత్రములను దలచుకొన్నపుడు, దయ్యము పొయ్యిలో గట్టెలకు బదులు తన కాళ్లనే పెట్టి వండు దృశ్యమును దెలుగువా రిప్పటికిని జెప్పుకొందురు. కాలు కట్టెకు ఆదేశము, వంట సాగును. భయానకము రావలసినచోట హాస్యము వచ్చును. కాంతారావు మొదలగువారి కత్తియుద్ధపు చిత్రములలో మాత్రము వీరహాస్యములు తఱచుగా వేర్వేఱు పాత్రలకు బంచిపెట్టబడినవి: వీరుడు పోరాడును, చెలికాడు నవ్వించును. సంస్కృతనాటకమున నాయకవిదూషకుల విభాగము నిట్టిదే. కోనసీమలో రావులపాలెముచెంతనున్న రావులపాడున 1910లో జన్మించిన రేలంగి వెంకట్రామయ్య, 'పాతాళభైరవి' (1951)లో రాజుగారి బావమఱిదిగా నటించెను. మృచ్ఛకటికమునందలి శకారుడును రాజశ్యాలుడే. అధికారము గలిగి శౌర్యము లేనివాని బీరములు నవ్వు పుట్టించునని యిరువురును నిరూపించుచున్నారు. అది వీరాభాసము, అభినవగుప్తుని మాటకు దగిన యుదాహరణము. హాంకాంగు చిత్రము చేసిన క్రొత్తదేమన, ఆ వీరుని, ఆ నవ్వించువానిని ఒక్క శరీరమున నిలిపినది.

కోనసీమవారికి ఈ పొత్తు తెరమీదనే కాక వీధిలోను బరిచితము. అమలాపురమున దసరా యుత్సవములందు మహిపాలవీధి, కొంకాపల్లి మొదలగు చోట్లనుండి వాహనములు వెడలునపుడు యువకులు చెడీ తాలింఖానా యను సామును బ్రదర్శింతురు. చెడీ యను మాట హిందుస్థానీలో గఱ్ఱ యని యర్థమిచ్చు ఛడీనుండి వచ్చినట్లు తోచును. తాలీం అరబ్బీలో శిక్షణము; ఖానా పారసీకమున గృహము. కుంగ్‌ఫూవలెనే ఈ పేరును నేర్చుటను జెప్పుచున్నది గాని కొట్టుటను జెప్పుట లేదు. కఱ్ఱలను, గత్తులను ద్రిప్పుటయేగాక, కన్నులకు గంతలు గట్టుకొని, మనుష్యుని మేనిపై నుంచిన కాయను గత్తితో నఱకుట యందు బ్రసిద్ధము. కత్తి లేచినపుడు గుంపున నూపిరి నిలుచును. కాయ రెండుగా దొరలి, పరుండినవాడు దులుపుకొని లేవగానే నవ్వు పుట్టును. ఆ నవ్వు ఎవనిని బరిహసించునది గాదు. వీరహాస్యముల యుమ్మడిశత్రువగు భయానకము తొలగినందున వచ్చిన నవ్వది. దానిని వీధిలో నెఱిగిన ప్రేక్షకునకు జిత్రశాలలో నట్టగోడ యడ్డము రాదు.

అట్లని యీ చిత్రము లన్నియు గొనియాడదగినవి గావు. శ్రమ లేక వికృతిని మాత్రమే చూపి, కుంటివానిని, నత్తివానిని, స్థూలకాయుని గొట్టి నవ్వింపజూచునవి పెక్కులు. 'డ్రంకెన్ మాస్టర్' నందును, ఎనమండుగురు సిద్ధులలో నేకైకస్త్రీ యగు హో యను నామె పేరి విద్యను నాయకుడు నేర్వక యుపేక్షించి, కడపటి పోరులో దానినే స్వయముగా గల్పించుకొని గెలుచును. ఉపేక్షించిన పాఠమే యక్కఱకు వచ్చుట కథకు మంచి బిగువు నిచ్చినది. ఐనను ఆ ఘట్టమున జాలభాగము స్త్రీచేష్టలను వెక్కిరించుటకే వినియోగింపబడినది. భామాకలాపమున స్త్రీవేషమును గౌరవముతో ధరించు సంప్రదాయము నెఱిగిన తెలుగువారికి ఈ కొఱత తెలియకపోదు. మఱికొన్ని లోపమును బుద్ధిపూర్వకముగా జేయునవి. 2014లో సంపూర్ణేష్ బాబు నాయకుడుగా వచ్చిన 'హృదయ కాలేయం' అట్టిది. తెలుగుచిత్రవీరుల యసాధ్యకార్యములను మితిమీఱించి, వీరాభాసమును వీరాభాసమని చెప్పియే చూపుట దాని పద్ధతి. అది ప్రహసనజాతికి జేరును. దానికిని బ్రయోజనము కలదు గాని, శరీరశ్రమవలన బుట్టు హాస్యముతో దానిని ఒకే గాట గట్టరాదు.

శ్రమయే యీ హాస్యమునకు మూలమనుటకు మఱియొక నిదర్శనము. 1982లో వచ్చిన 'డ్రాగన్ లార్డ్' మొదలుకొని జాకీ చాన్ తన చిత్రముల చివర, చిత్రణకాలమున విఫలమైన యత్నములను, దగిలిన దెబ్బలను జూపసాగెను. అంతవఱకు నాటగా గనబడినది ఎంత శ్రమకు ఫలమో యచ్చట వెల్లడియగును. వెల్లడియైనను నవ్వు చెడదు. దానితో మన్నన చేరును. దోషమొక్కటే యీ నవ్వునకు మూలమైనచో నిట్లు జరుగనేరదు.

ఈ విచారము చిత్రములతో ముగియునది గాదు. పాఠశాలలలో హాస్యరసమును బోధించునపుడు, వికృతాకారవేషచేష్టలు విభావములని వల్లింపజేసి విడుచుట వాడుక. అంతటితో విడిచినచో, తోటివాని నత్తిని, నడకను జూచి నవ్వుటకు శాస్త్రమే సమ్మతించినదని బాలు డనుకొనును. ఒకనియందున్న వికృతిని జూచి నవ్వుట వేఱు, ఒకడు సాధించిన నేర్పు వికృతివేషమున వచ్చినపుడు నవ్వుట వేఱు. ఈ రెంటిని విడదీసి చెప్పుట యుపాధ్యాయుని పని. మృచ్ఛకటికమునందలి శకారుని మొదటిదానికిని, త్రాగుబోతు నడకతో గెలిచిన శిష్యుని రెండవదానికిని ఉదాహరణములుగా జూపవచ్చును. మొదటిదానిని బాలునకు గ్రంథమునుండి చెప్పవలసియుండును. రెండవదాని నాతడు మునుపే చూచియుండును.