మాట ఎవరితో తిరుగుతుంది?

అమీర్‌పేట జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ చేసిన ఇంగ్లిష్ వర్డ్ లిస్టులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఎడమ పక్క మాట, కుడి పక్క రెండు ముక్కల్లో అర్థం. జీఆర్ఈ రాసే పిల్లలు బస్సుల్లో, మెట్రోల్లో వాటినే వల్లె వేస్తుంటారు. ఆ పిల్లల కష్టం మీద నాకు ఎంతో గౌరవం. ఆ లిస్టుల మీదే కోపం.

ఎందుకంటే ఆ పరీక్షే దారి మార్చుకుని చాలాకాలమైంది. 2011 ఆగస్టులో జీఆర్ఈ నుంచి వ్యతిరేక పదాలు, అనాలజీల ప్రశ్నలు తీసేసి, వాక్యాల్లో ఖాళీలు నింపే ప్రశ్నలకు పెద్దపీట వేశారు. ఒక రకం ప్రశ్నలో ఆరు మాటలిచ్చి, ఏ రెండు పెట్టినా వాక్యానికి ఒకే భావం వస్తుందో ఏరమంటారు. మాట అర్థం తెలిస్తే సరిపోదు, ఆ వాక్యంలో అది ఇముడుతుందో లేదో తెలియాలి. లిస్టు ఆ సంగతి చెప్పదు.

1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పరిశోధకుడు జ్ఞాపకం, మరుపుల మీద పుస్తకం వేశాడు. బట్టీ పట్టడానికి ఆయన కావాలనే అర్థంలేని అక్షరాల గుంపులు తయారుచేసుకున్నాడు, పాత జ్ఞాపకాలేవీ సాయానికి రాకూడదని. తొలి గంటల్లోనే చాలా భాగం చేజారినట్టు తేలింది. మన లిస్టులు చేస్తున్నదీ అదే. నిండు అర్థమున్న మాటను తీసుకొచ్చి, వెనకా ముందూ ఏమీ లేని అక్షరాల గుంపుగా మార్చి పిల్లల చేతికిస్తున్నాయి.

మాట ఏ మాటలతో కలిసి తిరుగుతుందో చూస్తే అదేమిటో తెలుస్తుందన్నది బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్. ఫర్త్ 1957లో చెప్పిన సంగతి. 1930ల చివర్లో మన దేశానికొచ్చి గుజరాతీతో పాటు తెలుగునూ అధ్యయనం చేసినాయన. ఆ ఆలోచన ఆయనకు తెలుగు వల్లే తట్టిందని నేననను గానీ, తెలుగువాళ్లకు అది వినగానే బోధపడుతుంది. చిక్కటి పాలు అంటాం, దట్టమైన పాలు అనం. వాన జోరున కురుస్తుంది, నిద్ర గాఢంగా పడుతుంది. వీటిని తారుమారు చేస్తే పసిపిల్లలైనా నవ్వుతారు. ఇవి మనకెవరూ పాఠం చెప్పలేదు, వింటూ పెరిగాం. ఇంగ్లిష్ వింటూ పెరగనివాళ్లు ఆ వినికిడిని పనిగట్టుకుని సంపాదించుకోవాల్సిందే.

'ఎగ్జాసర్‌బేట్' సంగతి చూడండి. లిస్టులో 'పెంచు, తీవ్రం చేయు' అని ఉంటుంది. అది నమ్మి, పట్టుదల తన మార్కుల్ని ఎగ్జాసర్‌బేట్ చేసిందని రాస్తే వ్యాకరణం ఏమీ అనదు. కానీ ఆ మాట తిరిగేది నొప్పితో, సంక్షోభంతో, కొరతతో, తగాదాతో. అసలే బాగోలేనిదాన్ని ఇంకా పాడుచేసే మాట అది. చిన్న మాటలకూ ఈ గుణం ఉంది. 1987లో వచ్చిన కోబిల్డ్ నిఘంటువుకు సారథి అయిన జాన్ సింక్లెయిర్, కంప్యూటర్‌లోకి ఎక్కించిన వాడుక వాక్యాలు పరిశీలించి 'సెట్ ఇన్' అనే క్రియ గురించి ఒక విషయం పట్టుకున్నాడు. దానికి కర్తలుగా వచ్చేవి దాదాపు అన్నీ కుళ్లు, నిరాశ, ఇన్‌ఫెక్షన్ లాంటి అక్కర్లేనివే.

మాట వెనక ఏం రావాలన్నది ఇంకో సంగతి. జపాన్‌లో ఇంగ్లిష్ చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ, తన సహచరులతో కలిసి పరాయి భాషవాళ్ల కోసమే ఒక నిఘంటువు తయారుచేశాడు. 1942లో టోక్యోలో వెలువడిన ఆ పుస్తకాన్ని 1948లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ అచ్చువేసింది. ఈనాటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. క్రియల వెనక ఏ అమరిక వస్తుందో గుర్తులు పెట్టి చూపించడం అందులోని గొప్ప. మనవాళ్లు 'సజెస్ట్ మి ఎ బుక్', 'ఎక్స్‌ప్లెయిన్ మి దిస్', 'డిస్కస్ అబౌట్' అంటున్నారంటే ఆ అమరిక ఎవరూ చూపించకపోవడం వల్లే. అందుకే లిస్టుకు పెట్టే డబ్బులకు ఇంకొంచెం కలిపి లెర్నర్స్ డిక్షనరీ కొనుక్కోమంటాను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే పాత ఎడిషనైనా ఫర్వాలేదు.

ఇక వాక్యం రాయడం. మా పైవాటాలో ఉండే అమ్మాయి కొన్నాళ్లుగా సాయంత్రాలు నోట్‌బుక్ పట్టుకుని దిగివస్తోంది. మొదట్లో 'హి వజ్ ఎ రెటిసెంట్ మ్యాన్' తరహాలో రాసేది.

"కరెక్టే కదా ఆంటీ?"

"కరెక్టేనమ్మా. కానీ ఆ మాటను వేలితో మూసి చూడు. అక్కడ పొడుగు, పొట్టి, పిసినారి, ఏదైనా పడుతుంది."

అప్పట్నుంచి మా కొలత అదే. మాటను మూసేసినా మిగతా వాక్యం దాన్ని పట్టివ్వాలి. వాక్యం తన రోజులోంచే రావాలి. ముందు డిక్షనరీలోని ఉదాహరణలు చదివి, ఆ మాట పక్కన ఏమేం వస్తున్నాయో రాసుకుంటుంది. సొంత వాక్యం ఆ తర్వాతే. 'పర్‌ఫంక్టరీ' వచ్చిన రోజు, షాపింగ్ మాల్ గేటు దగ్గర గార్డు తన బ్యాగు జిప్పు కాస్త తీసి, లోపలికి సరిగా చూడకుండానే పొమ్మన్న సంగతి రాసుకొచ్చింది: 'ది గార్డ్ గేవ్ మై బ్యాగ్ ఎ పర్‌ఫంక్టరీ గ్లాన్స్ అండ్ వేవ్డ్ మి ఇన్.' ఎంత సంతోషమేసిందో! 'గ్లాన్స్' పక్కన ఆ మాట సొంతింట్లో కూర్చున్నట్టుంది. రెండ్రోజులాగి, వారమాగి, నెలాగి అదే మాటతో మళ్లీ కొత్త వాక్యం, పాతది చూడకుండా. రోజుకు అయిదారు మాటలకు మించి పెట్టుకోనివ్వను.

కష్టపడి నేర్చుకున్నవన్నీ ఒకేచోట కుమ్మరించాలనిపించే కాగితం ఒకటుంది. అమెరికా యూనివర్సిటీలకు పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. 'ప్లెథరా ఆఫ్ ఆపర్చునిటీస్' లేకుండా రాసినవాళ్లు నాకు అరుదుగా కనిపించారు. ప్లెథరా అంటే అవసరానికి మించి ఉండటం. మీ దగ్గర అవకాశాలు మరీ ఎక్కువైపోయాయని యూనివర్సిటీతో అన్నట్టవుతుంది. ఆ కాగితం మీద పిల్లల భవిష్యత్తు కొంతైనా ఆధారపడి ఉంటుంది కాబట్టి ఈ విషయంలో నేను మొహమాటపడను.

ఈ అమ్మాయి కాగితమూ ఇద్దరం కూర్చుని చూశాం. పెద్ద మాటలు చాలావరకు తనే కొట్టేసింది. 'టీడియస్' మాత్రం ఉంచుతానంది. కాలేజీ ప్రాజెక్టు కోసం పాత వర్షపాతం రిజిస్టర్లలోని అంకెల్ని నెలల తరబడి కంప్యూటర్‌లోకి ఎక్కించిందట.

"బోరింగ్ అని రాస్తే నాకిష్టం లేదన్నట్టుంటుంది ఆంటీ. ఇష్టంగానే చేశాను. కాకపోతే ఆ పని ఎంతకీ తెమిలేది కాదు."

ఉంచమన్నాను.