మహనీయుల ఇళ్ళలో వంటగది: కోల్‌కతా స్మారక గృహాల విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:

ప్రసిద్ధ వ్యక్తులు నివసించిన ఇల్లు మ్యూజియంగా మారినప్పుడు అది ఒక జీవితాన్ని ఒక క్రమంలో చెప్పే కథనం అవుతుంది. కథనం అన్న తరువాత దానికొక కథకుడు, ఒక దృష్టికోణం, చెప్పిన భాగం, చెప్పకుండా విడిచిన భాగం ఉంటాయి. కోల్‌కతాలోని జొరాసాంకో ఠాకూర్‌బాడి, నేతాజీ భవన్, మార్బుల్ ప్యాలెస్, మదర్ హౌస్‌లను ఈ దృష్టితో పరిశీలించి, ఆ ఇళ్ళలో స్త్రీలు, సేవకులు, ఇంటి పిల్లలు చేసిన పని ఎక్కడ కనిపిస్తుందో, ఎక్కడ మరుగున పడుతుందో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు రచయితల ఇళ్ళను చదవడానికి ఈ పరిశీలన ఎలా ఉపకరిస్తుందో చివర సూచించడమైనది.

కీలకపదాలు: స్మారక గృహం, మ్యూజియం, కోల్‌కతా, కథకుడు, ధ్వని, వంటగది, జొరాసాంకో, కందుకూరి వీరేశలింగం.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారికి కలకత్తా నగర వర్ణన కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామి 1830-31 సంవత్సరాలలో చేసిన కాశీయాత్రలో ఆ నగరాన్ని చూశారు. ఆ యాత్రా వృత్తాంతం కాశీయాత్ర చరిత్రగా 1838లో అచ్చయింది. ఆయన చూసిన కలకత్తా మనుషులు కాపురముంటున్న ఇళ్ళ నగరం. అప్పటికి ద్వారకానాథ్ ఠాగూర్ జొరాసాంకో ఇంటి యజమాని. ఆయన మనుమడు రవీంద్రనాథ్ పుట్టడానికి ఇంకా మూడు దశాబ్దాలుంది. చోర్‌బగాన్‌లోని మార్బుల్ ప్యాలెస్ ఇంకా వెలియలేదు. నేటి యాత్రికుడు అదే నగరంలో చూసేది చాలావరకు స్మారకాలను. కాపురాలు వెళ్ళిపోయిన గదులలో మంచం, కుర్చీ, కళ్ళజోడు, ఉత్తరం మిగిలాయి. వాటి పక్కన ఫలకాలు వెలిశాయి.

ఈ మార్పు వల్ల ఇల్లు నివాసం నుంచి పాఠ్యంగా మారింది. పాఠ్యమైనప్పుడు దానిని చదవవలసిన బాధ్యత సాహిత్య విద్యార్థికి కూడా ఉంది. అయితే మన యాత్రా రచనలలో స్మారక గృహ సందర్శన సాధారణంగా భక్తితో మొదలై భక్తితోనే ముగుస్తుంది. ఎవరు పుట్టారు, ఎవరు మరణించారు అన్న రెండు ప్రశ్నల మధ్య ఆ ఇల్లు ఎలా నడిచింది, ఎవరు నడిపారు అన్న ప్రశ్న వెనుకబడుతుంది. ఈ వ్యాసం ఆ ప్రశ్నను ముందుకు తెస్తుంది.

2. మ్యూజియం, స్మారక గృహం – భేదం:

కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియం 1814లో ఏషియాటిక్ సొసైటీ ఆశ్రయంలో, డెన్మార్క్ దేశపు వృక్షశాస్త్రవేత్త నథానియల్ వాలిచ్ చొరవతో మొదలైంది. చౌరంగీలోని ప్రస్తుత భవనంలో ప్రదర్శనలు 1878లో ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. బెంగాలీలు దానిని వాడుకలో జాదూఘర్ అంటారు. భర్హుత్ స్తూపపు రాతి కంచె నుంచి ఈజిప్టు మమ్మీ దాకా అక్కడి వస్తువులలో అనేకం తమ చోటు విడిచి వచ్చినవే. వాటిలో తెలుగు నేల నుంచి వెళ్ళిన అమరావతి శిల్పాలు కూడా ఉన్నాయి. కాలిన్ మెకంజీ పంతొమ్మిదో శతాబ్దపు తొలి దశాబ్దాలలో అమరావతి నుంచి కొన్ని శిలాఫలకాలను కలకత్తాకు పంపించారు. స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేసే భక్తుని కోసం చెక్కిన శిల్పం ఇక్కడ గోడ పక్కన నిలబడి చూసే ప్రేక్షకుని ఎదుట ఉంది. శిల్పం మారలేదు కాని, అది పుట్టిన సందర్భం తెగిపోయింది.

స్మారక గృహం ఇందుకు భిన్నమైన హామీ ఇస్తుంది. అక్కడ వస్తువు తన చోటనే ఉంటుంది, లేదా ఉన్నట్లు కనిపిస్తుంది. ఈ గదిలోనే, ఈ కిటికీ దగ్గరే అన్న మాటలకు ఎంతో బలముంది. ఆ బలం వల్లనే సందర్శకుడు ప్రశ్నించడం మానేస్తాడు. మ్యూజియంలోని వస్తువును ఎవరో ఎంపిక చేసి పెట్టారన్న స్పృహ మనకు ఉంటుంది. ఇంటిలోని వస్తువును చూసినప్పుడు అది సహజంగా మిగిలిందని నమ్ముతాం. నిజానికి రెండూ ఎంపికలే.

3. కథకుడు ఎవరు?

ఎంపిక ఉంటే ఎంపిక చేసినవారూ ఉంటారు. కోల్‌కతాలో ఈ కథకులు పలు విధాలు. రాజేంద్ర మల్లిక్ 1835లో కట్టించిన మార్బుల్ ప్యాలెస్‌లో కథకులు ఆ వంశీయులే. ఆ కుటుంబం ఇప్పటికీ అక్కడే నివసిస్తోంది. సందర్శనకు ముందుగా అనుమతి కావాలి. ఛాయాచిత్రాలు తీయడం నిషిద్ధం. యూరోపియన్ శిల్పాలు, చిత్రాలు, గడియారాలు, నిలువుటద్దాలు క్రిక్కిరిసిన ఆ మందిరాలలో ఒక పంతొమ్మిదో శతాబ్దపు ధనిక బెంగాలీ తన అభిరుచిని తానే ప్రకటించుకుంటున్నాడు. ఇది ఉత్తమ పురుష కథనం. ఇంటివారు చూపదలచినంత మేరకే అతిథి చూస్తాడు. అయితే ఈ పరిమితి దాపరికం లేనిది. తలుపు మూసి ఉన్నచోట అది మూసి ఉన్నట్లు స్పష్టంగా తెలుస్తుంది.

జొరాసాంకోలో కథకుడు ఒక విశ్వవిద్యాలయం. 1962లో ఏర్పడిన రవీంద్రభారతి విశ్వవిద్యాలయం ఆ ప్రాంగణాన్ని సంరక్షిస్తోంది. ఇది ప్రథమ పురుష కథనం. తటస్థంగా, పాఠ్యపుస్తకంలా సాగుతుంది. ఎవరు మాట్లాడుతున్నారో తెలియని కథనంలో మౌనాలు ఎక్కడున్నాయో పసిగట్టడం కష్టం. అందువల్ల పాఠకుడు ఇక్కడే ఎక్కువ జాగరూకత వహించాలి.

4. జొరాసాంకో: వంటగది చెప్పేది, చెప్పనిది:

రవీంద్రనాథ్ ఠాగూర్ 1861 మే 7న ఈ ఇంట పుట్టి 1941 ఆగస్టు 7న ఇక్కడే కన్నుమూశారు. సందర్శకుడి నడక సహజంగానే ఈ రెండు తేదీల మధ్య సాగుతుంది. మరణించిన గది ముందు అందరూ మౌనం వహిస్తారు. ఆ గది శక్తి కాదనలేనిది. కాని ఆ ఇంటిని చదవడానికి దానికంటె ఎక్కువగా తోడ్పడే గది మరొకటుంది. అది కవి భార్య మృణాళినీదేవి వంటగది.

మామూలుగా ప్రముఖుల ఇళ్ళలో వంటగది ప్రదర్శనకు రాదు. చదువుకున్న గది, రాసుకున్న బల్ల వస్తాయి. జొరాసాంకో మ్యూజియం వంటగదిని చూపడం మెచ్చుకోదగిన పని. కవి జీవితానికి ఆధారంగా నిలిచిన శ్రమకు ఒక చోటు దక్కింది. అయితే విమర్శకుడు ఇక్కడే రెండో ప్రశ్న వేయాలి. ఆమెకు దక్కిన చోటు వంటగది అయినప్పుడు ఆమె జీవితంలో ఏ భాగం ఆ గడప దాటి బయటకు రాలేదు?

భవతారిణి అన్న పేరుతో పుట్టి, 1883లో బాల్యంలోనే వివాహమై ఈ ఇంటికి వచ్చి, మృణాళిని అన్న కొత్త పేరు పొందిన స్త్రీ ఆమె. రవీంద్రనాథ్ రాజా ఓ రాణీ నాటక ప్రదర్శనలో ఆమె పాత్ర ధరించారు. 1902లో ముప్పై ఏళ్ళయినా నిండకుండానే మరణించారు. పేరు మార్పు, నటన, అకాల మరణం అన్న ఈ మూడింటిని పొయ్యి, పాత్రలు చెప్పలేవు. ఆనందవర్ధనుని పరిభాషలో చెప్పాలంటే ఆ వంటగది వాచ్యార్థం గృహిణి; వ్యంగ్యార్థం ఆ గృహిణిగా మాత్రమే గుర్తుండిపోయిన ఒక వ్యక్తి. ఫలకం వాచ్యంతో ఆగుతుంది. వ్యంగ్యాన్ని గ్రహించేది సహృదయుడైన సందర్శకుడే. ఆ గ్రహణానికి ఆమె జీవితంతో కొంత ముందు పరిచయం అవసరం.

సేవకుల విషయంలో కూడా ఇల్లు, గ్రంథం ఒకదానికొకటి పూరకాలు. రవీంద్రనాథ్ తన జీవన్‌స్మృతిలో బాల్యాన్ని సేవకుల పాలనగా వర్ణించారు. శ్యామ్ అనే సేవకుడు పిల్లవాణ్ణి ఒకచోట కూర్చోబెట్టి చుట్టూ సుద్దతో గీత గీసి, దాటితే ప్రమాదమని హెచ్చరించేవాడు. రామాయణంలో సీత కథ విని ఉన్న బాలుడు ఆ గీత దాటేవాడు కాదు. కిటికీలోంచి కొలనునూ మర్రిచెట్టునూ చూస్తూ కాలం గడిపేవాడు. ప్రపంచ ప్రసిద్ధుడైన కవి చూపు ఆ నిర్బంధంలో అలవడింది. సుద్దగీతను ఏ మ్యూజియమూ భద్రపరచలేదు. గ్రంథం భద్రపరచింది. కాబట్టి జొరాసాంకోను జీవన్‌స్మృతి చదవకుండా చూసినవాడు గదులను మాత్రమే చూస్తాడు. జొరాసాంకోను చూడకుండా జీవన్‌స్మృతిని చదివినవాడికి ఆ ఇంటి వసారాల పొడవు, లోపలి భాగానికీ బయటి భాగానికీ ఉన్న దూరం పూర్తిగా అనుభవానికి రావు.

5. నేతాజీ భవన్: పాదముద్రలు, భోజనం:

ఎల్గిన్ రోడ్డులోని నేతాజీ భవన్‌ను 1909లో సుభాష్ చంద్రబోస్ తండ్రి జానకీనాథ్ బోస్ కట్టించారు. 1941 జనవరి 16-17 రాత్రి బోస్ పోలీసు నిఘా కళ్ళుగప్పి, పఠాన్ వేషంలో ఈ ఇంటి నుంచే వెళ్ళిపోయారు. అన్న కొడుకు శిశిర్ కుమార్ బోస్ కారు నడిపి ఆయనను గోమో రైల్వేస్టేషన్ దాకా చేర్చారు. ఆ వాండరర్ కారు నేటికీ ఆ ఆవరణలో ఉంది. ఆ రాత్రి బోస్ నడిచిన దారిని నేల మీద పాదముద్రలతో గుర్తించారు.

కథన శిల్పం దృష్ట్యా ఇది కోల్‌కతా స్మారక గృహాలన్నిటిలో బలమైనది. సందర్శకుడు ఆ ముద్రల వెంట నడిచేటప్పుడు అతనికి వ్యాఖ్యానం అవసరం లేదు. కథకుని స్థానం కూడా విశిష్టమైనది. 1957లో నెలకొన్న నేతాజీ రీసెర్చ్ బ్యూరో స్థాపకులు ఆ కారు నడిపిన శిశిర్ కుమార్ బోసే. కథలోని పాత్రే కథకుడయ్యాడు. అందువల్ల కథనానికి ప్రత్యక్ష సాక్ష్యపు విశ్వసనీయత లభించింది.

కాని పాదముద్రలు వెళ్ళినవారివి. ఆ రహస్యాన్ని నిలబెట్టింది ఇంట్లో ఉండిపోయినవారు. బోస్ గదిలోనే ఏకాంత దీక్షలో ఉన్నారన్న భ్రమ చెదరకుండా ఆ గదికి భోజనం యథావిధిగా వెళ్ళేది. అన్నల పిల్లలు దానిని తినేవారు. జనవరి చివరి వారంలో ఆయన అదృశ్యం బయటపడేదాకా ఇలా సాగింది. ఈ పది రోజులు గడవకపోతే ఆ ఒక్క రాత్రి వ్యర్థమయ్యేది. సాహసానికి పాదముద్ర ఉంది. సహనానికి ముద్ర వేయడం కష్టం. పళ్ళెం ఖాళీ కావడం కూడా చారిత్రక చర్యేనని గుర్తిస్తే ఈ ఇంటి కథ చిన్నబోదు, మరింత నిండుగా ఉంటుంది.

6. మదర్ హౌస్: చెప్పకుండా చెప్పిన గది:

ఆచార్య జగదీశ్ చంద్రబోస్ రోడ్డులోని మదర్ హౌస్‌లో మదర్ థెరిసా సమాధి, చిన్న ప్రదర్శనశాల, ఆమె నివసించి 1997లో మరణించిన గది ఉన్నాయి. గది ఇరుకు. మంచం, బల్ల తప్ప చెప్పుకోదగ్గవి లేవు. కింద వంటగది ఉండడం వల్ల ఆ గది వేడిగా ఉండేది. అయినా ఆమె ఫ్యాను పెట్టించుకోలేదు. ఇక్కడ వంటగదిని ఎవరూ ప్రదర్శించలేదు. అయినా దాని వేడి పై గదికి అర్థాన్నిచ్చింది. ఆమె సేవాకార్యక్రమం గురించి భిన్నాభిప్రాయాలున్నవారు కూడా ఈ గది ముందు ఒక విషయం ఒప్పుకోవలసి ఉంటుంది. తక్కువ వస్తువులతో ఎక్కువ స్ఫురింపజేసే విద్య ఇక్కడ ఫలించింది. అలంకారం తగ్గినకొద్దీ ధ్వని పెరుగుతుందన్న ఆలంకారికుల అనుభవానికి ఇది గృహరూపంలో ఉన్న ఉదాహరణ.

7. తెలుగు స్మారక గృహాలకు అన్వయం:

విజయనగరంలో గురజాడ ఇల్లు, రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ఇల్లు మనకు ఉన్నాయి. వాటిని కాపాడాలన్న మాట తరచుగా వింటాం. కాపాడిన తరువాత ఏ కథ చెప్పాలన్న చర్చ అంతగా జరగలేదు. పటాలు, పూలదండలు, జయంతి సభలు ఆ చర్చకు బదులు కాలేవు.

ఉదాహరణకు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహాన్ని తీసుకోవచ్చు. సంఘ బహిష్కార భయంతో వంటవారు, నీళ్ళు తెచ్చేవారు రాకుండా పోయినప్పుడు రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నుంచి నీళ్ళు తెచ్చి వంట చేశారు. వీరేశలింగం ఉపన్యాసాలు, గ్రంథాలు సంస్కరణకు వాదాన్ని సమకూర్చాయి. ఆ రోజు పెళ్ళి జరగడానికి కావలసిన అన్నం, నీళ్ళు సమకూర్చింది ఆమె. బహిష్కారం వంటింటి మీదనే గురిపెట్టింది కనుక ప్రతిఘటన కూడా వంటింట్లోనే జరిగింది. కందుకూరి ఇంటి కథలో పొయ్యికీ నీళ్ళబిందెకూ రచనా బల్లతో సమానమైన స్థానం ఉండాలనడం అందుకే. అయితే రాజ్యలక్ష్మమ్మను ఆ పొయ్యి దగ్గరే నిలిపివేస్తే మృణాళినీదేవి విషయంలో చూసిన లోపమే ఇక్కడా తలెత్తుతుంది. ఆమె పనిని సేవగా మాత్రమే చూపడం చాలదు. తెలిసి తీసుకున్న నిర్ణయంగా చూపాలి.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• స్మారక గృహంలో వస్తువు తన చోట ఉండడం వల్ల కలిగే విశ్వాసం ఎంపికను మరుగుపరుస్తుంది. కాబట్టి ఇంటిని కథనంగా చదివి, కథకుని గుర్తించడం మొదటి పని.

• వంటగది ప్రదర్శనకు రావడం ప్రగతే. కాని స్త్రీని అక్కడికే పరిమితం చేస్తే అది మరొక మౌనం అవుతుంది.

• ఇల్లు చెప్పలేనిది ఆత్మకథ చెబుతుంది; ఆత్మకథ చూపలేనిది ఇల్లు చూపుతుంది. రచయితల ఇళ్ళను వారి రచనలతో కలిపి బోధించడం సాహిత్య శాఖలు చేపట్టదగిన పని.

• ఎక్కువ ఫలకాలు ఎక్కువ అర్థాన్నివ్వవు. చూపిన వస్తువు చూపని మనిషిని స్ఫురింపజేసినప్పుడే స్మారకం సార్థకమవుతుంది.

మహనీయులు ఒంటరిగా బతకలేదు. వారికి అన్నం వండినవారు, వారి గది ముందు కాపలా ఉన్నవారు, వారి చుట్టూ గీత గీసినవారు అదే కప్పు కింద బతికారు. ఇల్లు పుస్తకం కంటె ఈ విషయాన్ని సులువుగా చెప్పగలదు. ఎందుకంటే ఆ మనుషులు తిరిగిన గదులు ఇంకా అక్కడ ఉన్నాయి. ఆ గదుల తలుపులు తెరవడమే స్మారక గృహ నిర్వాహకులు మిగిల్చుకున్న పని.