పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు

ధనుర్మాసంలో ముప్పాళ్ళ వీధుల్లో ఏ ఇల్లాలినైనా ముగ్గు అడగండి. ముందు బొమ్మ గీయదు, ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు’ అంటుంది. మధ్య వరుసలో 15. పైనా కిందా సందుల్లో 14, 13... అలా 8 దాకా. ఆ ఒక్క ముక్కలో 169 చుక్కలు! అదే ‘ఎదురు చుక్క, 1 వరకు’ అంటే వరుసకు రెండేసి తగ్గి, ఆరు మూలల ముగ్గు కాస్తా నాలుగు మూలల డైమండు అవుతుంది.

ఇలా మాటల్లోనే బొమ్మ చెప్పడం కంప్యూటర్లోనూ ఉంది. మార్క్‌డౌన్ అనే రాత పద్ధతిలో మూడు బ్యాక్‌టిక్‌లు కొట్టి పక్కన మెర్‌మెయిడ్ అని రాస్తే, దాన్ని గుర్తించే చోట కింది అక్షరాలు ఫ్లోచార్టుగా మారతాయి. గిట్‌హబ్‌లో ఆ సౌకర్యం 2022లో వచ్చింది. అక్కడ బాణాలు మనం చెబుతాం, చోట్లు అది చూసుకుంటుంది. ముగ్గుది తిరగబడ్డ లెక్క: చోట్లు ఖాయం, మెలిక గీసే చేతిది. నా ఓటు ముగ్గుకే. ఫోనులో అక్కకు చెప్పినా ఒక్క చుక్క తప్పిపోదు.