ఎండకో వేగం, ఘాటుకో వేగం

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. ఆ దూరం ఏ ఊళ్లోనైనా ఒకటే. దాన్ని ఎంత వేగంతో పరిగెత్తాలన్నది మాత్రం ఎండను బట్టి, ఎత్తును బట్టి, రోడ్డు వాలును బట్టి మారుతుంది. నాలుగు గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు పట్టాలి. జనవరి చలిలో నిర్మల్ రోడ్ల మీద ఈ వేగం హాయిగా అందిన మనిషికే మే నెలలో అదే రోడ్డు మీద పది కిలోమీటర్లు దాటకముందే గుండె దడదడలాడుతుంది. అతని సత్తా ఎక్కడికీ పోలేదు, శరీరం మీద భారం పెరిగింది. ఈ తేడా తెలియక ఎండాకాలంలో పరుగు మానేసినవారు ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు.

నిర్మల్, ఆదిలాబాద్ వైపు వారికి ఈ లెక్క తప్పనిసరి కావడానికి క్యాలెండరే కారణం. వారికి అందుబాటులో ఉన్న పెద్ద పోటీ హైదరాబాద్ మారథాన్ ఆగస్టు నెలాఖరులో జరుగుతుంది. పూర్తి మారథాన్‌కు మామూలుగా పదహారు వారాల తయారీ కావాలి. వెనక్కి లెక్క కడితే మే ఆరంభంలోనే మొదలుపెట్టాలి. పునాది వేసే పరుగులన్నీ రోళ్లు పగిలే ఎండల్లో, లాంగ్ రన్‌లన్నీ జూలై ఉక్కపోతలో పడతాయి. పోలీసు ఉద్యోగాల కోసం 1600 మీటర్లు సాధన చేసే కుర్రాళ్లు కొద్ది నిమిషాల్లో పని ముగించుకుంటారు కాబట్టి వాతావరణం వారిని అంతగా బాధించదు. రెండు మూడు గంటలు పరిగెత్తేవారి సంగతి వేరు.

పరుగులో శరీరం ఖర్చు చేసే శక్తిలో కదలికకు పనికొచ్చేది దాదాపు నాలుగో వంతే. మిగతాదంతా వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి పంపే ప్రధాన మార్గం చెమట. అయితే చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది, బొట్లుబొట్లుగా కారి నేల మీద పడితే నీరు, ఉప్పు పోవడమే మిగులుతుంది. చల్లబరచడం కోసం రక్తం చర్మం వైపు మళ్లుతుంది. చెమటతో రక్తంలోని నీటి భాగమూ తగ్గుతుంది. దాంతో కండరాలకు అంతే రక్తం అందించడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. వేగం పెంచకపోయినా గంట దాటాక గుండె వేగం మెల్లమెల్లగా ఎక్కిపోవడానికి కారణం ఇదే.

కాబట్టి ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే చాలదు, గాలిలోని తేమనూ చూడాలి. తేమకు నమ్మదగిన కొలత డ్యూ పాయింట్. ఫోన్‌లోని వాతావరణ యాప్‌లు చాలావరకు దాన్ని చూపిస్తాయి. కోచ్‌లు వాడే ఒక చిట్కా లెక్క ఇలా ఉంటుంది. ఉష్ణోగ్రతను, డ్యూ పాయింట్‌ను ఫారన్‌హీట్‌లో కూడాలి. మొత్తం 100 లోపు ఉంటే వేగం తగ్గించనక్కర్లేదు. 141 నుంచి 150 మధ్య ఉంటే 3 నుంచి 4.5 శాతం, 151 నుంచి 160 మధ్య ఉంటే 4.5 నుంచి 6 శాతం తగ్గించాలి. 180 దాటితే గట్టి పరుగు వద్దు.

రెండు తెల్లవారుజాములు తీసుకుందాం. మే నెలలో 30 డిగ్రీల సెల్సియస్ వేడి, 20 డిగ్రీల డ్యూ పాయింట్ ఉంటే మొత్తం 154 అవుతుంది. జూలై ముసురులో 25 డిగ్రీల వేడి, 24 డిగ్రీల డ్యూ పాయింట్ ఉంటే 152 అవుతుంది. ఒంటికి చల్లగా తగిలే వానాకాలపు పొద్దు, వేసవి పొద్దుకు ఏమాత్రం తీసిపోదన్నమాట. రెండు రోజులూ అయిదు శాతం తగ్గించుకోవాలి. 5 నిమిషాల 41 సెకన్ల మనిషి 5 నిమిషాల 58 సెకన్లకు రావాలి, నాలుగు గంటల లక్ష్యం 4 గంటల 12 నిమిషాలకు జరగాలి. జూలై చల్లదనాన్ని నమ్మి వేగం పెంచేవారే ఎక్కువ దెబ్బతింటారు. ఈ లెక్కలో సూర్యుడి తాపం చేరలేదు. మే నెలలో పొద్దెక్కాక ఏ శాతమూ పనికిరాదు, ఇంటికి తిరిగి రావడమే సరైన పని. ఆగి ఆగి చేసే ఇంటర్వల్ పరుగుల్లో మాత్రం వేగం తగ్గించడం కంటే మధ్య విరామం పెంచడం మేలు.

ఎండ ముందు ఎంతటివారైనా తగ్గాల్సిందే. కెన్యాకు చెందిన రూత్ చెప్‌న్‌గెటిచ్ 2019 జనవరిలో దుబాయ్‌లో 2 గంటల 17 నిమిషాల 8 సెకన్లలో మారథాన్ ముగించింది. అదే ఏడాది దోహా ప్రపంచ పోటీల్లో, అర్ధరాత్రి మొదలైనా 30 డిగ్రీలు దాటిన ఉక్కలో, 2 గంటల 32 నిమిషాల 43 సెకన్లు తీసుకుని బంగారు పతకం గెలిచింది. ఆ రాత్రి బయలుదేరిన 68 మందిలో 28 మంది పరుగు పూర్తిచేయలేకపోయారు.

వేడికి శరీరం అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. మే నెల కష్టానికి దక్కే ఫలం ఇదే. ఇక నీళ్ల సంగతి తూకం యంత్రమే చెబుతుంది. పరుగుకు ముందు 60 కిలోలున్న మనిషి తిరిగొచ్చాక 58.8 తూగి, మధ్యలో అరలీటరు తాగి ఉంటే, పోయిన చెమట 1.7 లీటర్లు. ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి, ఓఆర్‌ఎస్ ఆ లోటు తీరుస్తాయి. పోయినదానికి మించి వట్టి నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పరుగెత్తే మనిషి మాట తడబడినా, ఎక్కడున్నాడో తెలియకపోయినా వడదెబ్బగానే అనుమానించాలి. 108కు ఫోన్ చేసి, వాహనం వచ్చేదాకా ఆగకుండా నీడలో పడుకోబెట్టి చన్నీళ్లతో ఒళ్లంతా తడపాలి.

ఎత్తు విషయంలో ఇక్కడివారికి పెద్ద బెంగ లేదు. నిర్మల్ సముద్రమట్టానికి సుమారు 340 మీటర్ల ఎత్తున ఉంది, హైదరాబాద్ అయిదొందల మీటర్ల పైచిలుకు. ఈ తేడా వేగాన్ని మార్చదు. సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో జరిగే లద్దాఖ్ మారథాన్‌కు వెళ్లేవారి లెక్క వేరు. అక్కడా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే, కానీ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో అబెబె బికిల 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో గెలిచిన మారథాన్‌ను, నాలుగేళ్ల తర్వాత 2,240 మీటర్ల ఎత్తున ఉన్న మెక్సికో నగరంలో మామో వోల్డే 2 గంటల 20 నిమిషాల 26 సెకన్లలో గెలిచాడు. పుట్టి పెరిగింది ఎత్తైన ఇథియోపియాలోనే అయినా అంత సమయం పట్టింది. పొరుగున ఉన్న నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కడానికి ముందు డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ పొందింది. పరుగుదారులకూ అదే బాట: వారం పది రోజుల ముందే చేరుకోవాలి, మొదటి రెండు మూడు రోజులు నడకతో సరిపెట్టుకోవాలి, పోటీ రోజున గడియారాన్ని పక్కనపెట్టి ఊపిరి చెప్పినట్టు సాగాలి.

పల్లం సులువుగా కనిపించి మోసం చేస్తుంది. ఎగువ వాలు ఒక శాతం ఉంటే కిలోమీటరుకు ఎనిమిది తొమ్మిది సెకన్లు పోతాయి, దిగువ వాలు ఒక శాతానికి తిరిగొచ్చేది అయిదు సెకన్లే. పైగా దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే బరువును ఆపాలి. ఆ పనికి కండర పోగులు చిట్లుతాయి, రెండోనాటికి మెట్లు దిగడమే గగనమవుతుంది. బోస్టన్ మారథాన్ మొదలు నుంచి చివరికి సుమారు 140 మీటర్లు దిగుతుంది. కిలోమీటరుకు ఒక మీటరుకు మించి దిగే దారికి ప్రపంచ రికార్డు ఇవ్వరు. అందుకే 2011లో అక్కడ జెఫ్రీ ముతాయ్ సాధించిన 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లు రికార్డు పుస్తకానికి ఎక్కలేదు. 2027 బోస్టన్ అర్హతకైతే 1,500 అడుగులు, అంతకంటే ఎక్కువ దిగే పోటీల సమయాలకు కనీసం అయిదు నిమిషాలు కలుపుతున్నారు. అర్హత కోసం పల్లపు కోర్సులు వెతుక్కునే అమెరికా తెలుగువారు దీన్ని గుర్తుంచుకోవాలి.

పల్లానికి కండరాలను సిద్ధం చేసే చోటు నిర్మల్ పక్కనే ఉంది. ఆదిలాబాద్ వైపు పాత దారిలో మలుపులు తిరిగే మహబూబ్ ఘాట్ అది. ఒకసారి దిగి నొప్పి పడిన కండరాలు తర్వాత కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా దెబ్బతినవు. ఎక్కేటప్పుడు నెమ్మదిగా ఎక్కి, దిగేటప్పుడు చిన్న అడుగులతో, మోకాళ్లు బిగపట్టకుండా, వెనక్కి వాలకుండా దిగాలి. మొదటిసారి రెండు కిలోమీటర్ల దిగుడు చాలు. లారీలు, బస్సులు తిరిగే దారి కాబట్టి వెలుగు వచ్చాకే వెళ్లాలి, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించే పక్కనే పరిగెత్తాలి. ఆగస్టులో హైదరాబాద్ ఫ్లైఓవర్లు దిగేటప్పుడు వేగం అదుపు తప్పకుండా కాపాడేది ఈ సాధనే. ఘాట్‌లో చివరి పరుగు పోటీకి రెండు మూడు వారాల ముందే ముగించండి. ఆ తర్వాత చదునైన రోడ్డే మేలు.